తొమ్మిది వేల సార్లు కదిలిన చెయ్యి

ఫారంలో పేరు, వయసు, చిరునామా తర్వాత ఒక గడి ఉంది. వృత్తి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద ఉన్న పునరావాస కేంద్రంలో కూర్చుని అమ్మ కోసం ఆ ఫారం నింపుతున్నాను. అమ్మకు పక్షవాతం వచ్చి అప్పటికి ఏడు వారాలు. కుడి చెయ్యి ఎవరో మరిచిపోయిన వస్తువులా ఒళ్ళో పడి ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. “అమ్మా, నీ పనేందని రాయాలె?” అని అడిగాను. “నాకేం పనుంది బిడ్డా, ఇంట్లనే ఉంట గద” అంది. నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పే మనిషిని. స్త్రీల శ్రమ గురించి సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని. అయినా నా చెయ్యి ఆ గడిలో ‘ఏమీ లేదు’ అని రాసేసింది.

మేం వెళ్ళింది ఆక్యుపేషనల్ థెరపీ కోసం. దీన్ని తెలుగులో కొందరు వృత్తి చికిత్స అంటున్నారు. వృత్తి ఏమీ లేదని రాసిన మనిషికి వృత్తి చికిత్స! నిజానికి ఆ శాస్త్రంలో ‘ఆక్యుపేషన్’ అంటే ఉద్యోగమో కులవృత్తో మాత్రమే కాదు. తినడం, బట్ట కట్టుకోవడం, వండడం, ఆడుకోవడం, గడప మీద కూర్చుని పక్కింటామెతో ముచ్చట పెట్టడం - మనిషి పొద్దును నింపే పనులన్నీ అందులోకి వస్తాయి. మన ‘వ్యాపకం’ అన్న మాట దానికి దగ్గర. మోచెయ్యి ఎంతవరకు వంగుతోందన్నది ఒక ప్రశ్న. ఆ వంగిన చెయ్యి అన్నం ముద్దను నోటిదాకా తీసుకుపోగలదా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండో ప్రశ్నే ఆక్యుపేషనల్ థెరపీకి ప్రాణం.

ఇప్పుడీ చికిత్సలోకి కృత్రిమ మేధ వచ్చింది. మనం చెయ్యి ఎత్తితే కెమెరా చూసి మార్కులు వేసే ఆటలున్నాయి, వేళ్ళ కదలికను పసిగట్టే తొడుగులున్నాయి, నోటిమాటతో లైటు వేసే పెట్టెలున్నాయి. మా అమ్మ కూడా వాటి ముందు కూర్చుంది. ఇంటికి తిరిగొచ్చే బస్సులో - ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి అబ్దుల్లాపూర్‌మెట్ వచ్చేదాకా - నన్నొక ప్రశ్న వేధించేది. సొంత కూతురి కలానికే కనపడని పని ఈ యంత్రాలకు కనపడుతుందా? యంత్రాలు ఎక్కణ్ణుంచో ఊడిపడవు. అవి మనుషులు రాసిపెట్టిన లెక్కల్లోంచి నేర్చుకుంటాయి. ఆ లెక్కలు ఎవరు రాశారు? ఎవరి పనిని రాశారు, ఎవరిది వదిలేశారు? ఈ ప్రశ్నల వెంట పోతే నేను చరిత్రలోకే వెళ్ళాల్సి వచ్చింది.

ఈ వృత్తిని నిలబెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. సూసన్ ట్రేసీ అనే అమెరికన్ నర్సు, మంచం పట్టినవాళ్ళకు ఏ పనులు ఎలా నేర్పాలో నర్సుల కోసం 1910లో ఒక పుస్తకం రాసింది. 1917 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్ళో ఆరుగురు కూర్చుని ఈ చికిత్స కోసం తొలి సంఘం పెట్టారు. ఆరుగురిలో ముగ్గురు స్త్రీలు. చేతిపనులు నేర్పే సూసన్ కాక్స్ జాన్సన్, కార్యదర్శిగా పనిచేసిన ఇసబెల్ న్యూటన్, తర్వాత ఈ రంగానికే పెద్దదిక్కైన ఎలినార్ క్లార్క్ స్లాగిల్. స్లాగిల్ చికాగోలో జేన్ ఆడమ్స్ నడిపిన హల్ హౌస్ వాతావరణంలోంచి వచ్చింది. వలస వచ్చిన పేద కుటుంబాల మధ్య పనిచేసిన స్త్రీలు అక్కడ నేర్చుకున్నదాన్నే ఆసుపత్రిలోకి తెచ్చారన్నమాట. ఆ మరుసటి ఏడు మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల కోసం అమెరికా సైన్యం ‘రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్’ పేరుతో స్త్రీలను తీసుకుంది. వాళ్ళకు యూనిఫాం ఉంది. సైనిక హోదా లేదు.

వాళ్ళు వాడిన మందులేమిటి? నేత, అల్లిక, బుట్టలల్లడం, కుట్టుపని, చెక్కపని. తరతరాలుగా ఆడవాళ్ళ ఖాళీపొద్దు పనులని కొట్టిపారేసినవే చాలా వరకు. చిన్న మగ్గం ముందు కూర్చోబెట్టి పోగు లాగిస్తే భుజం కదులుతుంది, వేళ్ళకు పట్టు వస్తుంది, మనసు కుదుటపడుతుంది, చివర్లో చేతిలో ఒక వస్తువు మిగులుతుంది. సైనికుడి చెయ్యి మగ్గం మీద బాగుపడింది.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే మా అమ్మ చెయ్యి చెడిపోయింది కూడా నేతపనిలోనే.

అమ్మ పుట్టిల్లు పోచంపల్లి చుట్టుపక్కల ఒక పల్లె. మేముండే అబ్దుల్లాపూర్‌మెట్‌కు పెద్ద దూరం కాదు. పోచంపల్లి చీర గురించి మాట్లాడేటప్పుడు అందరికీ మగ్గం గుర్తొస్తుంది, మగ్గం మీద కూర్చున్న మగాయన గుర్తొస్తాడు. మగ్గం దాకా నూలు చేరాలంటే దానికి ముందు కండెలు చుట్టాలి, ఆసు పొయ్యాలి, చిటికి కట్టాలి, రంగులద్దాలి. ఆసు పొయ్యడమంటే, అర్ధచంద్రాకారంలో వరసగా నిలబెట్టిన పుల్లల చుట్టూ పోగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ పోవడం. చెయ్యి బారుగా చాపాలి, వెనక్కి తేవాలి, మళ్ళీ చాపాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. ఐదారు గంటల పని. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. పోగు తప్పితే డిజైను చెడుతుంది కాబట్టి చూపు కూడా తిప్పకూడదు. ఇది ఆడవాళ్ళ పని. నేసేవాడు నేతగాడు. ఆసు పోసేదానికి పేరు లేదు. ఆమె ‘సాయం చేస్తోంది’, అంతే.

అమ్మ పదో ఏట ఆసు ముందు కూర్చుంది. ముప్పై రెండో ఏట నాయినకు ఇటు కంపెనీలో పని దొరికి ఇల్లు మారేదాకా పోసింది. అంటే 22 ఏళ్ళు. ఆ తర్వాత కూడా ఆమె కుడి భుజం ఎప్పుడూ పూర్తిగా పైకి లేవలేదు. దండెం మీద బట్టలు ఎడమ చేత్తో వేసేది. మేం దాన్ని అమ్మ అలవాటు అనుకున్నాం. పక్షవాతం వచ్చాక భుజం ఎందుకింత బిగుసుకుపోయిందని థెరపిస్టు అడిగితే నాకు జవాబు తోచలేదు. ఫారంలో వృత్తి ‘ఏమీ లేదు’ కదా!

మన దేశంలో ఈ చికిత్సకు పునాది వేసింది కూడా స్త్రీయే. ఎలిజబెత్ లండీ అనే అమెరికన్ యువతి, భారతీయుణ్ణి పెళ్ళి చేసుకుని కమలా నింబ్కర్‌గా ఇక్కడ స్థిరపడింది. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె మొదలుపెట్టిన శిక్షణాలయం ఆసియాలోనే మొదటి ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడింది. అదే ఏడు పుట్టిన ప్రపంచ సమాఖ్యలో పది వ్యవస్థాపక దేశాల్లో ఇండియా ఒకటి. మన హైదరాబాద్ వైపు 1984లో సికింద్రాబాద్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. ఇప్పుడు దాని పేరు మారింది. మేధోపరమైన వైకల్యం ఉన్న వ్యక్తుల సాధికారత సంస్థ అంటున్నారు. పేరు మారడం చిన్న విషయం కాదు. దాని వెనక పోరాటాలున్నాయి.

అయితే రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ రంగం మీద ఒత్తిడి మొదలైంది. బుట్టలల్లిస్తే జబ్బు తగ్గిందంటే ఎలా నమ్మాలి, అంకెలు చూపండి అన్నారు. అప్పుడు కొలబద్దలు పుట్టాయి. మనకు అసలు అవసరమైన చరిత్ర ఇక్కడుంది.

1965లో ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరొథియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి ఒక కొలమానం ప్రచురించారు. బార్తెల్ సూచిక అని ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. తిండి, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, నడక, మెట్లు - ఇలా పదింటికి వందకు మార్కులు. చేసింది ఇద్దరు స్త్రీలు, ఉద్దేశం మంచిదే. కానీ తిండి విషయంలో పూర్తి మార్కులు ఎప్పుడొస్తాయో చూడండి. బల్ల మీదో పళ్ళెంలోనో పెట్టినదాన్ని మనిషి తనంతట తాను కోసుకోవాలి, ఉప్పూ మిరియాలూ చల్లుకోవాలి, వెన్న పూసుకోవాలి. మేరీలాండ్ ఆసుపత్రుల్లో అది సహజమే. అబ్దుల్లాపూర్‌మెట్‌లో పీట మీద కూర్చుని పప్పన్నంలో ఆవకాయ కలుపుకునే చేతిని ఈ వాక్యం ఎలా కొలుస్తుంది? కత్తి పట్టే పట్టు వేరు. ఐదు వేళ్ళూ చేర్చి, మెతుకు జారకుండా ముద్ద చేసే పట్టు వేరు. నేల మీంచి లేచే మోకాలి బలం వేరు. ఇక్కడి థెరపిస్టులు తెలివైనవాళ్ళు, ఎవరికి వాళ్ళు మార్చుకుని వాడుకుంటారు. కానీ కాగితం మీద మిగిలేది అంకె మాత్రమే. ఆ అంకె వెనక ముద్ద ఉందో, వెన్న రాసిన రొట్టె ఉందో తర్వాత చూసేవాళ్ళకు తెలియదు.

1969లో ఇంకో కొలమానం వచ్చింది. ఫిలడెల్ఫియాలో వృద్ధుల మీద పనిచేసిన లాటన్, ఎలైన్ బ్రోడీ ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఇల్లు నడుపుకోగలిగే శక్తిని కొలిచేది ఇది. ఫోను చెయ్యడం, కొనుక్కురావడం, వంట, ఇంటి శుభ్రం, బట్టలుతకడం, ప్రయాణం, మందులు వేసుకోవడం, డబ్బు లెక్కలు - మొత్తం ఎనిమిది. ఆడవాళ్ళకు ఎనిమిదింటికీ మార్కులు వేశారు. మగవాళ్ళకు ఐదే. వంట, శుభ్రం, ఉతకడం మగవాళ్ళను అడగనే లేదు.

నాకిది చదవగానే మా నాయిన గుర్తొచ్చాడు. రెండేళ్ళ కింద ఆయన తుంటి ఎముక విరిగింది. కర్ర పట్టుకుని నడవడం, స్నానం, మెట్లు అన్నీ వచ్చాక ‘ఇక స్వతంత్రంగా ఉండగలడు’ అని రాసి ఇంటికి పంపారు. మేమంతా సంతోషించాం. నిజానికి ఆయన ఏ రోజూ స్వతంత్రంగా లేడు. పొద్దున చాయ నుంచి రాత్రి మజ్జిగ దాకా అమ్మ చేతిలోంచే వచ్చేవి. ఆయన కోలుకోవడంలో అమ్మ కుడి చెయ్యి ఒక సహాయక పరికరం. బిల్లు లేదు, బ్యాటరీ లేదు, రిపేరు లేదు. అమ్మ పడిపోయిన రోజు మా ఇంట్లో ఇద్దరు మనుషులు అన్నానికి పరాధీనులయ్యారు. ఆసుపత్రి కాగితం ఒక్కరి పేరే రాసింది.

ఒక్కసారి ఆలోచించండి. ‘మగవాళ్ళను ఆ మూడూ అడగొద్దు’ అనడం మర్యాదలాగే కనిపిస్తుంది. కానీ దాని అర్థం, ఆ మూడు పనులూ చేసిపెట్టే మనిషి ఇంట్లో ఎప్పుడూ ఉంటుందని ముందే లెక్కకట్టడం. ఆ మనిషి తానే పడిపోతే? ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. ఆ కొలమానం చేసిన ఎలైన్ బ్రోడీయే 1981లో, ముసలి తల్లిదండ్రులకూ పిల్లలకూ ఉద్యోగానికీ మధ్య నలిగే స్త్రీల గురించి రాస్తూ వాళ్ళను ‘మధ్యలోని స్త్రీలు’ అంది. సెలవు చీటీ రాసి, కొడుకు ఫీజు కట్టి, అమ్మను బస్సెక్కించిన రోజున నాకు ఆమె మీద కోపం పోయింది. కాలం ఆమె చేత ఆ ఐదూ ఎనిమిదీ రాయించింది. తర్వాత ఆమె కాలాన్ని దాటి చూసింది. కానీ కాగితాల మీద పడ్డ అంకెలు వెనక్కి రావు.

ఈ లెక్క అమెరికాకే పరిమితం కాదు. మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీ ‘పని చేయనివారి’ కిందికి వస్తుంది. కేంద్ర ప్రభుత్వమే 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్ళలో స్త్రీలకు తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకు కూడా తొమ్మిది తగ్గాయి!

కొలతల సంగతి ఇలా ఉంటే, పరికరాల చరిత్ర మాటేమిటి? అక్కడా ఎవరి పని కనపడితే వాళ్ళకే పరికరం వచ్చింది. లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజనీరు భర్తతో కలిసి 1920లో యుద్ధంలో వికలాంగులైనవాళ్ళ పని కదలికల మీద పుస్తకం రాసింది. భర్త పోయాక ఫ్యాక్టరీలు ఆడ ఇంజనీరును నమ్మలేదు. ఆమె వంటింటి వైపు తిరిగింది. 1940ల చివర్లో గుండెజబ్బున్న స్త్రీల కోసం, వంగే పనీ ఎత్తే పనీ తగ్గించే వంటిల్లు రూపకల్పన చేసింది. వంట చేసే స్త్రీకి ఒక శరీరం ఉందని శాస్త్రం ఒప్పుకున్న అరుదైన సందర్భం అది. బెస్సీ బ్లౌంట్ అనే నల్లజాతి ఫిజియోథెరపిస్టు, రెండో ప్రపంచయుద్ధంలో చేతులు పోగొట్టుకున్న సైనికులు తమంతట తాము తినేందుకు ఒక పరికరం కనిపెట్టింది. 1951లో పేటెంట్ వచ్చింది. మాజీ సైనికుల సంక్షేమం చూసే అమెరికా ప్రభుత్వ శాఖ అక్కర్లేదంది. చివరికి 1952లో దాన్ని ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఉచితంగా ఇచ్చేసింది.

మన దగ్గరికి వద్దాం. ఎల్బీనగర్‌కు ఎంతో దూరం లేని కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే ప్రయోగశాలలున్నాయి. అబ్దుల్ కలాం అక్కడ పనిచేసే రోజుల్లో నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన వచ్చి, క్షిపణి కోసం చేసిన పదార్థం ఎంత తేలిగ్గా ఉందో చూసి, తన రోగుల దగ్గరికి తీసుకుపోయాడని కలాం చాలాసార్లు చెప్పారు. పోలియో వచ్చిన పిల్లలు మూడు కిలోల పైన బరువుండే లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల కాలిపరు తయారైంది. ఈ కథ స్కూలు పిల్లలకు కూడా తెలుసు, తెలియాలి కూడా. ఆ పిల్లల బాధ కంటికి కనపడేది. కాలిపరును తూకం వేయవచ్చు. మూడు కిలోలని చెప్పగానే ఎవరికైనా అర్థమవుతుంది.

ఆసు పోసే భుజానికి తూకం లేదు. దాన్ని లెక్కపెట్టింది ప్రయోగశాల కాదు, ఒక కొడుకు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి చేతినొప్పి చూడలేక 1992లో ఆసు యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టాడు. ఇంజనీరింగు చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. ఏడేళ్ళ తర్వాత 1999లో యంత్రం పూర్తయింది. ఐదారు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి ‘లక్ష్మి ఆసు యంత్రం’ అని తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో సినిమా వచ్చింది. ఆ యంత్రం పూర్తయ్యేటప్పటికి మా అమ్మ ఆసు వదిలి పదేళ్ళు దాటింది.

ఈ కథను మనం సాధారణంగా ఒక మగవాడి పట్టుదల కథగా చెప్పుకుంటాం. పట్టుదల నిజమే. కానీ నాకు ముఖ్యం అనిపించేది ఆ 9,000 అన్న అంకె. తరాల తరబడి ఆడవాళ్ళు భుజాలు పట్టేసి రాత్రిళ్ళు మూలుగుతుంటే అది ‘ఆడవాళ్ళ నొప్పి’. దాన్ని 9,000 కదలికలుగా చూసిన రోజున అది పరిష్కరించదగిన సమస్య అయింది. పని అని గుర్తించాకే లెక్కపెడతారు. లెక్కపెట్టాకే పరికరం వస్తుంది. ఈ వరస ఎప్పుడూ తిరగబడలేదు.

కృత్రిమ మేధ ఈ వరసను మార్చిందా? మార్చలేదు. దాన్ని మన కంటికి కనపడకుండా చేసింది. కెమెరా ముందు అమ్మ ఆడిన ఆట ఎలా పనిచేస్తుందో థెరపిస్టు నాకు ఓపిగ్గా చెప్పింది. ప్రోగ్రాము బొమ్మలో భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి ఎక్కడున్నాయో అంచనా వేసి చుక్కలు పెడుతుంది. చుక్కల్ని గీతలతో కలిపి కోణాలు లెక్కిస్తుంది. చుక్క ఎక్కడ పెట్టాలో దానికెలా తెలుసు? అంతకు ముందు మనుషులు గుర్తులు పెట్టిన వేల వేల బొమ్మల్ని చూసి నేర్చుకుంది. అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంటే అది బాగానే చూసింది. ఇంటి దగ్గర నేల మీద కూర్చుని చీర కొంగు కప్పుకుంటే తుంటి చుక్క ఎటో పోయింది. అమ్మ చెయ్యి ఎత్తినా ‘మళ్ళీ ప్రయత్నించండి’ అంది. “నేనేం తప్పు చేసిన?” అని అమ్మ నన్నడిగింది. తప్పు యంత్రానిదని చెప్పడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. మనకు ముందు మనమీదే అనుమానం వస్తుంది కదా! నోటిమాటతో లైటు వేసే పెట్టెకు కూడా నా మాట తెలిసింది గానీ, నాలుక తిరగని అమ్మ నల్లగొండ యాస తెలియలేదు.

ఇది మా ఇంటి ఫిర్యాదు మాత్రమే కాదు. 2018లో జాయ్ బులాంవినీ, టిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు స్త్రీలు, ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల ప్రోగ్రాముల్ని పరీక్షించారు. తెల్లటి మగవాళ్ళ విషయంలో తప్పులు ఒక్క శాతం దాటలేదు. ముదురు రంగు స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా పోయాయి. ఆ ప్రోగ్రాములకు ఎవరి మీదా ద్వేషం లేదు. వాటికి చూపించిన బొమ్మల్లో ఆ స్త్రీలు తక్కువ, అంతే. చికిత్సలో ఇది ఇంకో మెట్టు లోతుకు పోతుంది. రోగి ఎంతవరకు కోలుకుంటారో ముందే అంచనా వేసే పరిశోధనల్లో, ‘కోలుకోవడం’ అంటే ఏమిటో యంత్రానికి చెప్పేది తరచుగా బార్తెల్ లాంటి అంకెలే. అంటే 1965 నాటి వెన్న పూసిన రొట్టె ఇప్పుడు యంత్రం జ్ఞాపకంలో ఉంది. కాగితం మీదైతే థెరపిస్టు పక్కన పెన్నుతో ‘చేత్తో కలుపుకుని తింటుంది’ అని రాయగలదు. యంత్రం తిన్న అంకెకు మార్జిన్ లేదు.

అలాగని ఈ యంత్రాలు వద్దంటే అది నా స్వార్థం అవుతుంది. వారానికి మూడుసార్లు పక్షవాతం మనిషిని అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ తిప్పడం ఎంత నరకమో నాకు తెలుసు. ఇంట్లోనే ఫోను ముందు సాధన చేసి, థెరపిస్టు సాయంత్రం చూసి సరిదిద్దిన రోజులు మాకు పండగలా ఉండేవి. చూపులేని విద్యార్థులు ఫోను చదివి వినిపిస్తుంటే నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటున్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం కనీసం ఒక సహాయక పరికరం అవసరమైనవాళ్ళు 250 కోట్ల మంది. దాదాపు వంద కోట్ల మందికి అది అందడం లేదు. కొన్ని పేద దేశాల్లో అవసరమున్నవాళ్ళలో మూడు శాతానికే అందుతుంటే, ధనిక దేశాల్లో 90 శాతానికి అందుతోంది. కాబట్టి మన కొట్లాట యంత్రంతో కాదు. యంత్రానికి పాఠం చెప్పే పుస్తకంలో మన పేజీ లేకపోవడంతో.

ఆ పేజీ రాయడం మనకు కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు చేసింది అదే కదా. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి పోయి, కూర్చుని, అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకున్నారు. ఇప్పుడు ఆసు పోసిన భుజాల్నీ బీడీలు చుట్టిన వేళ్ళనూ నాట్లు వేసిన నడుముల్నీ అలాగే అడగాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి 21కి పెంచింది. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం అన్న మాట కూడా అందులో ఉంది. సంరక్షకులంటే ఎక్కువ ఇళ్ళల్లో ఎవరో మనకు తెలుసు. చట్టంలో ఒక మాట పడింది, లెక్కలోకి ఇంకా రావాలి.

ఐదో వారంలో థెరపిస్టు అమ్మను అడిగింది, “చెయ్యి వచ్చినంక ముందుగాల ఏం చెయ్యాలనుందమ్మా?” అని. నేను అమ్మ తరఫున, “వంట చేసుకోగలిగితే చాలండీ” అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. “నేను చెప్పిన్నా నీకు? యాభై ఏండ్లు వండిన. చెయ్యి బాగైతే మల్ల పొయ్యికాడికేనా?” అని ముద్దమాటలతోనే గట్టిగా అంది. ఆ తర్వాత థెరపిస్టు వైపు తిరిగి, “నా అన్నం నేను కలుపుకోవాలె బిడ్డా. నా కుచ్చిళ్ళు నేను పెట్టుకోవాలె. మా వాకిట్ల ఆడోళ్ళతోని పచ్చీసు ఆడాలె” అంది.

ఇన్ని పుస్తకాలు తిరగేసిన నేను, ఎనిమిది పనుల కొలబద్దను తిట్టుకున్న నేను, అమ్మను తిరిగి ఆ ఎనిమిదింటి దగ్గరికే పంపబోయాను. పనిని పనిగా గుర్తించడం ఎంత అవసరమో, ఆ పనికే మనిషిని కట్టేయకపోవడం అంత అవసరం. స్వతంత్రమంటే తన అన్నం తాను తినగలగడమా, నలుగురికి వండిపెట్టగలగడమా? ఏ యంత్రాన్నయినా ఈ తేడా తెలిసిన మనిషి నడపాలి. తేడా తెలియాలంటే అడగాలి. అడిగింది ఆ అమ్మాయి. నేను కాదు.

మరుసటి రోజు ఆమె గవ్వలూ చింతపిక్కలూ తెప్పించింది. చింతపిక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి గిన్నెలో వెయ్యడం, గవ్వల్ని గుప్పిట్లో పట్టి దులిపి వదలడం. పట్టడం కన్నా వదలడమే కష్టమని మాకు అప్పుడు తెలిసింది. భుజం సంగతి అడిగితే అమ్మ ఎడమ చేత్తో గాల్లో ఆసు పోసి చూపించింది. థెరపిస్టు దాన్ని వీడియో తీసుకుని, పాత గాయం ఎక్కడుందో గుర్తుపట్టి, ఆ భుజాన్ని ఎంతవరకు కదపాలో ఎక్కడ ఆపాలో మార్చి రాసింది. నాయినకు కూడా పని పెట్టింది, రోజూ సాయంత్రం చాయ ఆయనే పెట్టాలని. మొదటి వారం అది పానకంలా ఉండేది. అమ్మ తాగింది.

వెళ్ళేటప్పుడు నేను కౌంటరు దగ్గర ఫారం మార్చమని అడిగాను. వృత్తి గడిలో ‘ఆసు పోసేది, 22 సంవత్సరాలు’ అని రాయమన్నాను. కౌంటరులో అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. అందులో రాయడానికి లేదట, ఉన్నవాటిలోంచి ఎంచుకోవాలట. ఉద్యోగం, వ్యాపారం, వ్యవసాయం, గృహిణి, ఇతరాలు.

“ఇతరాలు పెట్టనా మేడం?” అంది. పెట్టమన్నాను. దాని పక్కన పెన్నుతో రాసుకోవడానికి చోటెక్కడుందని అడుగుతూనే ఉన్నాను.